ఎవోరాలో మూడేళ్ల గుంత

పోర్చుగల్ పోయొచ్చానంటే మా బడిలో తోటి టీచర్లు మొదట అడిగింది ఫొటోలు. చూపించాను. పదకొండు ఉన్నాయి, అందులో తొమ్మిది చెట్లవే. "ఏందక్కా, గంత దూరం పోయి చెట్ల ఫొటోలు తెచ్చినవ్?" అని నవ్వారు. ఏం చేయను, టేకులపల్లి అడవిలో పుట్టినదాన్ని. ఏ దేశం పోయినా ముందు నా కంటికి ఆనేది చెట్టే.

నేను ఊరు చూడటానికి పోలేదు. ఎవోరా అనే పాత పట్నంలో మా తమ్ముడు జోగయ్య మట్టిలో ఉన్నాడు. వాణ్ని తెచ్చుకుందామని పోయాను. ఊరు ఎలాగూ కంటపడింది కాబట్టి పోనివాళ్ల కోసం రాస్తున్నాను. సరదాగా చదువుకుందామనుకుంటే మాత్రం ఇక్కడే ఆగిపోండి, నన్ను తిట్టుకోవద్దు.

జోగయ్య ఆలివ్ తోటల్లో కాయలు రాల్చే పనికి పోయాడు. పోయిన మొదటి చలికాలమే చనిపోయాడు. అక్కడ కూలీలను ఇనుప డబ్బాల్లాంటి గదుల్లో ఉంచుతారు. మా కోయ ఇళ్లలో చలికాలం వస్తే నిప్పు పక్కన పెట్టుకునే పడుకుంటాం. మా గోడలు తడికలు, కప్పు గడ్డి, పొగ దాని దారిన అది పోతుంది. వాడు ఆ అలవాటు కొద్దీ బకెట్‌లో బొగ్గులు రాజేసి గదిలో పెట్టుకున్నాడు. చలిగాలి రాకుండా తలుపు సందుల్లో గుడ్డలు కుక్కాడు. తెల్లారి లేవలేదు. వాడి కాగితాలు పనికి తీసుకుపోయిన ఏజెంటు దగ్గర ఇరుక్కుపోయాయి. ఎవరిని అడగాలో మాకు తెలిసేసరికి అక్కడి మునిసిపాలిటీ వాళ్లు పూడ్చేశారు.

వాడి భార్య సుశీల మూడేళ్లయినా నల్లపూసలు తీయలేదు. శవాన్ని చూడలేదు కదా, నమ్మదు. ఇల్లందు బొగ్గుబాయిలో పనిచేసే ఒకాయన, భార్య పోయినవాడు, నెమ్మదైన మనిషి, దాన్ని చేసుకుంటానని రెండుసార్లు పెద్దమనుషులతో అడిగించాడు. మాలో మారుమనువు తప్పు కాదు. ఆయనంటే దానికి ఇష్టం లేదా అంటే అదీ కాదు, ఆయన మాట ఎత్తితే తల వంచుకుని చీపురు పట్టుకుంటుంది. కానీ ఒకటే పట్టు. "బొక్కలు తెచ్చి నా ముందట పెట్టు వదినా. గప్పుడు నమ్ముత. రాయి నిలబెట్టినంక నా తొవ్వ నేను చూసుకుంట" అంది.

పోయినవాళ్లకు మేం ఊరి బయట రాయి నిలబెడతాం. రాయి కింద వాళ్ల ఎముక పడాలని మా ఇంటి పెద్దల కట్టడి. ఎముక లేదు కాబట్టి రాయి లేదు. రాయి లేదు కాబట్టి సుశీల అక్కడే ఆగిపోయింది. ముప్పై ఏళ్లు కూడా నిండని పిల్ల.

అలా ఉండగా గంగారాం ఫోన్ చేశాడు. జోగయ్య గదిలో ఉండే రెండో మనిషి ఇతను. ధర్మపురి వైపువాడు, పద్నాలుగేళ్లు దుబాయిలో చేసి అక్కడికి పోయినవాడు. ఆ రాత్రి వేరే షెడ్డులో పడుకున్నాడు కాబట్టి బతికాడు.

"అక్కా, ఈడ గుంత గుడ కిరాయికే" అన్నాడు. "మూడేండ్లకు తవ్వుతరు. మనోళ్లు వస్తె బొక్కలు చేతిల పెడతరు. రాకుంటె అందరియి ఏసే కాడ ఏస్తరు."

తవ్వుతారా! పూడ్చిన చోట గడ్డపార పడితే మా ఊళ్లో కులం కూర్చుని తప్పు వేస్తుంది. అక్కడ అది చట్టమట. ముందు ఒళ్లు జలదరించింది. తర్వాత అనిపించింది, చచ్చినవాడి పెళ్లికి వచ్చిందే కట్నం, ఆ దిక్కుమాలిన చట్టమే మాకు కలిసొచ్చింది అని. వీసా కోసం తిరిగిన తిరుగుడు రాయను. తల ప్రాణం తోకకొచ్చింది, అంతే.

అంకెలు రాసిన చెట్లు

లిస్బన్ నుంచి ఎవోరాకు బస్సులో గంటన్నర. జనవరి నెల, సన్నటి వాన. ఊరు దాటాక చెట్లు మొదలయ్యాయి. పొట్టివి, మెలికలు తిరిగినవి, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎడం వదిలి. మొదలు నుంచి మనిషి ఎత్తుదాకా బెరడు ఒలిచేసి ఉంది. లోపల కాండం ఇటుక రంగులో, పుండు మానుతున్నట్టు ఉంది. మా అడవిలో అలా చుట్టూ ఒలిస్తే ఆ చెట్టు ఎండాకాలం చూడదు. ఇవేమో ఆకులతో పచ్చగా ఉన్నాయి. ప్రతి చెట్టు మీదా తెల్లరంగుతో ఒక అంకె.

బస్‌స్టాండులో గంగారాం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, రెండు స్వెట్టర్లు తొడుక్కుని. దండం పెట్టి నా సంచి అందుకుని ఏడుపు మొదలుపెట్టాడు. ఏడ్చేవాళ్లను చూస్తే నాకు చిరాకు, అదొక జబ్బు నాకు. మాట మార్చడానికి ఆ చెట్ల సంగతి అడిగాను.

"సీసాల బిరడాలు ఆ బెరడుతోటే చేస్తరక్కా. ఏ ఏడు ఒలిస్తె ఆ ఏడు ఆఖరి అంకె ఏస్తరు. మళ్ల తొమ్మిదేండ్ల దాంక ముట్టరు."

"చెట్టుకు తొమ్మిదేళ్లు ఓపిక పడతారు, మనిషికి మూడేనా?" అన్నాను. పాపం, అతనేం చెబుతాడు.

తలకాయల గుర్తు

ఎవోరా కోట గోడ లోపలి ఊరు. ఇళ్లన్నీ సున్నం తెలుపు, గోడల అంచున జాజు, పసుపు రంగు పట్టీలు. మా ఊళ్లో ఇల్లు అలికి కింద ఎర్రమట్టి పట్టీ వేసినట్టే ఉంటుంది. వీధులు రెండు ఎడ్లబండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవాల్సినంత ఇరుకు. పాతకాలపు నీళ్ల కాలువ ఒకటి ఊరి మీదుగా రాతి కమానుల మీద పోతుంది. ఆ కమానుల సందుల్లో జనం ఇళ్లు కట్టుకుని కాపురాలు చేస్తున్నారు. ఒక కమాను కింద ముసలాయన తలుపు ముందు కుర్చీ వేసుకుని ఉల్లిగడ్డలు ఒలుస్తున్నాడు. నెత్తిమీద అంత రాయి పెట్టుకుని నిద్రెలా పడుతుందో.

ఊరి నడుమ పెద్ద చౌక్. అక్కడ కాఫీ మన డబ్బుల్లో వంద రూపాయలు, బొటనవేలంత కప్పులో రెండు గుక్కలు. కూర్చున్నాక గంగారాం ఊరి ముద్ర చూపించాడు. గుర్రం మీద కత్తి పట్టిన వీరుడు, కింద రెండు తెగిన తలలు, ఒకటి మగ, ఒకటి ఆడ. పూర్వం ఒకడు కావలి బురుజు మీద తండ్రినీ కూతుర్నీ చంపి, తలలు చేతపట్టి ఊరు గెలిచాడట. ఆ తలలే ఊరి గుర్తు. ఇదే చౌక్‌లో మతం వేరని మనుషుల్ని తగలబెట్టారని కూడా చెప్పాడు. కొంచెం పైన రెండు వేల ఏళ్ల నాటి గుడి స్తంభాలు నిలబడి ఉన్నాయి, నల్లరాయివి, మీద పాలరాతి చెక్కడం. దాన్ని చాలా కాలం కబేళాగా వాడారట, అందుకే కూలగొట్టకుండా మిగిలిందట. ఇంత అందమైన ఊళ్లో చావు లేని మూల ఒక్కటైనా ఉందా అని విసుగొచ్చింది.

దారి పొడుగునా నారింజ చెట్లు, ఎవరూ కోయకుండా కింద రాలిపోతున్నాయి. ఇంత పండు వదిలేశారేంటి, ఎంత కొవ్వు అనుకుని ఒకటి వొలుచుకుని నోట్లో వేసుకున్నాను. విషం! వేపాకు నయం. ఎదురుగా పోతున్న ఇద్దరు ఆడపిల్లలు నా మొహం చూసి నవ్వు ఆపుకోలేకపోయారు. ఆ మూడు రోజుల్లో నా వల్ల ఎవరైనా నవ్వింది అదొక్కసారే.

అడగని రొట్టె

మధ్యాహ్నం చిన్న హోటల్‌కు పోయాం. కూర్చోగానే రొట్టె, వెన్న, ఒక గిన్నెలో ఆలివ్ కాయలు తెచ్చి పెట్టారు. మేం అడగలేదు. అతిథి మర్యాద తెలిసిన జనం అని మురిసిపోయాను. బిల్లులో చూస్తే అన్నిటికీ ధర వేసి ఉంది. "అడగందే పెట్టి డబ్బులు గుంజుతారా?" అని తెలుగులోనే తగులుకున్నాను. హోటల్ ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు.

"ఊకో అక్కా, ఈడ గిదే పద్ధతి. ముట్టకుంటె పైసల్లెవ్వు" అన్నాడు గంగారాం.

ముట్టిందే తప్పయిందన్నమాట. ఆలివ్ కాయ ఒకటే తిన్నాను. ఉప్పు, చేదు. దీని కోసమా మావాడు అంత దూరం వచ్చింది అనిపించి గిన్నె పక్కకు జరిపాను. తర్వాత చారు తెచ్చారు. వేడినీళ్లలో ఎల్లిపాయ, గుప్పెడు కొత్తిమీర దంచి వేసి, రొట్టె ముక్కలు నానబెట్టి, పైన గుడ్డు. ఆ కొత్తిమీర వాసనకు ప్రాణం లేచొచ్చింది. జోగయ్యకు ఇది చాలా ఇష్టమని, వారానికొకసారి ఇక్కడికే వచ్చేవాడని గంగారాం చెప్పాడు. అప్పటిదాకా బాగున్న చారు ఆ మాట తర్వాత దిగలేదు.

నేను దిగిన ఇంటావిడ పేరు అమేలియా, డెబ్బై దాటిన విధవ, తలనుంచి కాళ్లదాకా నలుపు. ఎందుకొచ్చానో గంగారాం వచ్చీరాని వాళ్ల భాషలో చెప్పాడు. ఆమె నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. తన మొగుడి ఎముకలు మూడేళ్లకు తీయించినప్పుడు ఎలా కడిగిందో, ఎలా తుడిచిందో, పొడుగువి కింద, చిన్నవి పైన ఎలా పేర్చిందో చెయ్యాడిస్తూ చూపించింది. పసిపిల్లకు నీళ్లుపోసే చేతుల్లా ఆడాయి ఆ చేతులు. చివరికి బీరువాలోంచి అంచుకు అల్లిక కుట్టిన తెల్లగుడ్డ తీసి నాకిచ్చింది. మీ తమ్ముడికి అంది. సుశీల పంపిన ఎర్ర రవిక గుడ్డ నా సంచిలో ఉంది. రెండూ కలిపి పెట్టుకున్నాను.

ఎముకల గుడి

రెండో రోజు ఆఫీసు పనంతా కాగితాల మీద సంతకాలు. మధ్యలో రెండు గంటలు ఖాళీ దొరికింది. గంగారాం వద్దన్నా వినకుండా ఎముకల గుడికి పోయాను. అక్కడికి వచ్చినవాళ్లంతా అది చూసే పోతారట. టికెట్ ఐదారు వందలు.

లోపల గోడలు, స్తంభాలు అన్నీ మనుషుల ఎముకలే. పుర్రెలు వరసలు వరసలుగా సున్నంలో పొదిగి ఉన్నాయి. వెనకటికి శ్మశానాలు నిండిపోతే సన్యాసులు తవ్వి తెచ్చి కట్టారట. ఇక్కడున్న ఎముకలం మీ ఎముకల కోసం కాచుకుని ఉన్నాం అని గుమ్మం మీద రాసి ఉంది. లోపల ఒక జంట సెల్ఫీ దిగుతోంది. నాకు మాత్రం ఒకటే ఆలోచన. వీళ్లలో ఎవరి చెయ్యి ఎవరిదో, ఎవరి తల ఎవరిదో. నేను రాకపోయి ఉంటే జోగయ్య కూడా ఇలాగే కలిసిపోయేవాడు కదా. ఒక పక్క అద్దాల పెట్టెలో ఎండిపోయిన శవం ఉంది. ఎవరిదో శాపం తగిలి మట్టి వాణ్ని తినలేదని కథ చెప్పుకుంటారట. గంగారాం ఆ పెట్టె వైపు తిరగలేదు. బయటికొచ్చాక నీళ్లు తాగి, "రేపు జల్దీ అయిపోవాలె అక్కా" అన్నాడు.

మూడో రోజు పొద్దున

ఊరి శ్మశానం గోడలు కూడా తెల్లవే. లోపల డబ్బున్నోళ్లవి పాలరాతి గదులు, అద్దాల తలుపులకు అల్లిక కర్టెన్లు. లేనోళ్లవి చివర, ఇనుప ముక్క మీద నంబరు. ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. తవ్వేవాళ్లు ఇద్దరు. అందులో పెద్దాయన టోపీ తీసి నాకు తల వంచాడు. అంతా మర్యాదస్తులే, అది చెప్పాలి.

తెల్లగుడ్డ, ఎర్రగుడ్డ ఒకదాని మీద ఒకటి పరిచి పట్టుకుని నిలబడ్డాను. అర్ధగంట తవ్వారు. పెట్టె మూత మెత్తబడి విరిగింది. లోపల నీలం రంగు కనపడింది. పెద్దాయన పార ఆపి ఏదో అడిగాడు. మళ్లీ అడిగాడు. గంగారాం తడిమట్టిలో కూలబడ్డాడు.

"ఏందయ్యా? ఏమంటున్నడు?"

"ఎవలు చుట్టిండ్లని అడుగుతుండు."

"ఏం చుట్టిండ్లు?"

"తాటిపత్రి అక్కా. వడ్లు తడ్వకుంట కప్పమా, గసొంటిదే. నేనే చుట్టిన. ఆ దినం వాన దంచికొడుతుండె. గుంతల మోకాళ్ల మట్టుకు నీళ్లు. తమ్ముడు తడుస్తడని, సలికే సచ్చిండు మళ్ల సలిల ఏసుడేందని, పెట్టె మూసెటప్పుడు దుప్పటి కింద చుట్టిన. రెండు వరసలు. తాడుతోని కట్టిన." నెత్తి కొట్టుకున్నాడు. "మంచిగ జేసిన అనుకున్న అక్కా."

ప్లాస్టిక్ లోపలికి గాలి పోలేదు, మట్టి పోలేదు. మూడేళ్ల కింద పెట్టినవాడు ఇంకా మనిషి లాగే ఉన్నాడు. ఆఫీసావిడ కాగితం మీద ఏదో కొట్టేసి ఏదో రాసింది. గంగారాం ఏడుస్తూనే చెప్పాడు. చట్టం ప్రకారం ఎముకలే ఇస్తారట, ఇది ఇంకా శవమట. మళ్లీ పూడ్చి రెండేళ్లకు తెరుస్తారట. ఒక ఎముకైనా, ఒక వెంట్రుకైనా ఇమ్మని అడిగించాను. ఆఫీసావిడ తల అడ్డంగా ఊపింది. శవాన్నే తీసుకుపోవాలంటే అది వేరే దారి, మళ్లీ మొదటి నుంచి, అందుకు నా దగ్గర శక్తీ లేదు, సెలవూ లేదు.

"నీ ప్రేమ తగలెయ్య!" అని అరిచాను గంగారాం మీద. "దుబాయి తిరిగినవ్, దునియా తిరిగినవ్, గంత తెలివి లేకపాయె? మట్టిల పెట్టెటోన్ని మట్టి తగలకుంట కడతారయ్యా ఎవరన్న?" శ్మశానమంతా వినపడేలా తిట్టాను. నోరు నొప్పెట్టాక నాకే సిగ్గేసింది. తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుకున్నది మా వాడు. వాన తగలకుండా చుట్టింది ఈయన. ఇద్దరూ చలికి భయపడే చేశారు.

పెద్దాయన గుంతలోకి వేలు చూపించి, తర్వాత తన కంటికి ఆనించి అడిగాడు. చూస్తావా అని.

సుశీల గుర్తొచ్చింది. చూస్తానన్నాను. కత్తితో పట్టా కోసి మడత తీశాడు. ఏం చూశానో అంతా రాయను. నుదుటి మీద జుట్టు ఉంది. ముందు పళ్ల మధ్య సందు ఉంది. వాడే. అనుమానం ఏమీ లేదు. గంగారాం పక్కనే మట్టిలో కూర్చున్నాను. ఇద్దరం ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడ్చాం. నా జబ్బు ఆ పొద్దు పని చేయలేదు.

పట్టా మొత్తం కోసి బయట పడేశాక, పూడ్చే ముందు మొదటి పిడికెడు నేనే వేశాను. ఈసారన్నా మట్టి తగలనియ్యి బిడ్డా అనుకున్నాను.

మా ఊళ్లో

తిరుగు ప్రయాణంలో ఒక పాడు ఆలోచన వచ్చింది. ఖమ్మంలో దిగి ఏ మాంసం కొట్లోనో ఒక మేక ఎముక అడిగి, కడిగి, అమేలియా గుడ్డలో చుట్టుకుపోతే ఎవరికి తెలుస్తుంది? రాయి నిలబడుతుంది, డోలు మోగుతుంది, సుశీల నల్లపూసలు తీస్తుంది, ఇల్లందు ఆయన వస్తాడు. ఖమ్మం బస్‌స్టాండులో నిజంగానే రెండు బస్సులు వదిలేసి కూర్చున్నాను. కానీ ఇరవై ఆరేళ్లుగా పిల్లలకు అబద్ధం ఆడొద్దని బెత్తం పట్టుకుని చెప్పిన నోరు ఇది. అబద్ధానికి తిరగలేదు. మూడో బస్సెక్కాను.

గుట్ట నుంచి రాయి అప్పటికే తెచ్చి ఉంచారు. సుశీల కాళ్లకు నీళ్లిచ్చింది. నా సంచి వైపు చూసింది. చేత్తో ఎత్తి చూడకుండానే దానికి బరువు తెలిసిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. బకెట్ నిప్పు దానికి ముందే తెలుసు, తాటిపత్రి సంగతి చెప్పాను, రెండేళ్లు అన్నారని చెప్పాను. కళ్లు తిప్పకుండా విన్నది.

"నువ్వు చూసినవా వదినా?"

"చూసిన."

"మొఖం ఉన్నదా?"

లేదని చెప్పి ఉంటే అయిపోయేది. ఆ ఒక్క మాట చాలు. "ఉన్నది" అన్నాను.

"ఆయనేనా?"

"అవ్. వాడే. నమ్ము సుశీలా, వాడు పోయిండు. నా కండ్లతో చూసిన."

అది నా మాట విన్నదో లేదో. మూడేళ్లలో మొదటిసారి దాని మొహంలో నవ్వు చూశాను. మెడ మీది నల్లపూసలు సర్దుకుంది.

"మట్టి గుడ ముట్టలేదంటె ఇంక పూరాగ పోలే వదినా. రెండేండ్లే గద. ఆగుత."

ఎంత చెప్పినా ఇక వినలేదు. మర్నాడే ఇల్లందుకు వద్దని కబురు పంపింది. ఆయన ఏమనుకున్నాడో తెలియదు, మళ్లీ అడిగించలేదు. తెచ్చిన రాయి పశువుల పాక వెనక పడుకోబెట్టి ఉంది. సుశీల పొద్దున్నే తునికాకు కోతకు పోతుంది, సాయంత్రం వచ్చి రెండు పళ్లేలు, తనదొకటి వాడిదొకటి, కడుగుతుంది. విడిపించి వస్తానని పోయిన నేనే దాన్ని గట్టిగా కట్టేసి వచ్చాను.

రెండేళ్లకు మళ్లీ ఎవోరా పోతాను. ఈలోగా ఆ మట్టి నా తమ్ముణ్ని మిగల్చకుండా తినేయాలని మా ఇలవేల్పుకు రోజూ మొక్కుతున్నాను. వాడికి ఆరేళ్లప్పుడు అడవి జ్వరం వస్తే, వీణ్ని నాకు వదిలిపెట్టమని ఏడ్చి కోడిని మొక్కింది ఆ తల్లికే.